పెంబుల్టన్ చూసొచ్చిన పలక

చింతలంకపాలెంలో తెల్లవారగానే పొగ లేచేవి రెండు. ఒకటి ఏడో వార్డులో గంగారత్నం పెసరట్ల పెనం, రెండోది నగర పంచాయతీ వారి జీపు. పెనం పొగ ఊరి కడుపు నింపేది. జీపు పొగ ఊరి పెద్దల్ని విమానం దగ్గర దింపి వచ్చేది. పండగైనా పబ్బమైనా పెనానికి ఒక్కోసారి సెలవుండేది గాని జీపుకి ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట, పంచాయతీ కాస్తా నగర పంచాయతీ అయిన ఉత్సాహంలో, ఇంగ్లండు దేశంలో పెంబుల్టన్ అనే చిన్న పట్నంతో మన ఊరికి అక్కచెల్లెళ్ళ వరస కలిపారు. ఎక్కడి పెంబుల్టన్, ఎక్కడి చింతలంకపాలెం, ఏమిటీ వియ్యం అని ఎవరో అడిగితే, రెండు చోట్లా కాలువుంది, రెండు చోట్లా కౌన్సిలుంది అని కాగితం మీద రాసి చూపించారు. ఆ మాత్రానికి ఎవరికీ బాధ లేకపోయేది. ఒప్పందంలో ఆరో నిబంధన అని ఒకటి వచ్చి కూర్చుంది, అక్కడొచ్చింది చిక్కు.

"సోదరి పట్టణమందలి తత్సమాన వసతిని సంబంధిత సభ్యులు ప్రత్యక్షముగా పరిశీలించిన పిమ్మట మాత్రమే, స్వీయ పట్టణమందు ఏ పౌర పనినైనను చేపట్టవలెను."

మనం మాట్లాడుకునే భాషలో చెప్పాలంటే, ఇక్కడ చీపురు పట్టాలంటే అక్కడి చీపురు చూసి రావాలి.

మొట్టమొదట చైర్మన్ గారు వీధి దీపాల కోసం వెళ్ళారు. ఆయన వెళ్ళింది ఎండాకాలం. ఆ దేశంలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నరైనా పొద్దుగుంకదు. చైర్మన్ గారికి ఎనిమిదింటికే పడుకోవడం అలవాటు. "వెలగని దీపములను కూలంకషంగా పరిశీలించడమైనది" అని రాసి వచ్చేశారు. అప్పట్నుంచి మన దీపాలూ వెలగడం మానేశాయి. కుక్కల బెడద మీద వెళ్ళిన మూడో వార్డు మెంబరు, అక్కడి కుక్కలకి ఉన్ని చొక్కాలు తొడుగుతారని కళ్ళారా చూసొచ్చాడు. ఆ మే నెలలో ఊరకుక్కలన్నిటికీ ఎర్ర చొక్కాలు తొడిగారు. అవి ఎండకి నాలుకలు వేలాడేసుకుని కాలువలో దిగి కూర్చునేవి. కరవడం మాత్రం మానలేదు. ఒంటి మీద ఉన్ని ఉండేసరికి మరి కాస్త కోపంగా కరిచేవి.

కమిషనరు పుండరీకాక్షరావు గారికి ఇంగ్లీషు వచ్చు గనక దుబాసీగా ఆయన కూడా వెళ్ళాల్సి వచ్చేది. ఊళ్ళో కన్నా దారిలోనే ఎక్కువగా దొరికేవారు. తెలిసినవాళ్ళు అర్జీలు పట్టుకుని విమానాశ్రయం గేటు దగ్గరే కాచుకునేవారు.

ఇక గంగారత్నం సంగతి. పెద్ద ఆశేం లేదావిడకి. ఒక సిమెంటు పలక కావాలి.

ఆవిడ పెసరట్ల పాకకి ఎదురుగా అంగన్‌వాడీ బడి. పాకకీ బడికీ మధ్య మురుగు కాలువ. కాలువ మీద ఉండాల్సిన పలక ఎప్పుడో లారీ చక్రం కింద పడి ముక్కలైంది. మిగిలింది గుంట. మామూలప్పుడు పిల్లలు దాని పక్కగా, గోడ పట్టుకుని పోతారు. వానొచ్చిందా, రోడ్డూ కాలువా ఏకమై గుంట కనబడదు. కిందటేడు వానాకాలంలో నాలుగేళ్ళ పిల్లాడు అందులో పడితే, గంగారత్నం అట్లకాడ విసిరేసి దూకి, జుట్టు పట్టి పైకి లాగింది. ఆ తడి బట్టలతోనే చెప్పులు విప్పి పాక గుంజకున్న మేకుకి తగిలించింది. "ఈ గుంట మీద పలక పడ్డ రోజునే ఇయ్యి కిందికి దిగేది" అంది. ఆ మాటకే వార్డంతా ఆవిణ్ణి మెంబరుగా గెలిపించింది.

గెలిచిన నెలకే కొత్త పలక వచ్చింది కూడా. పోతపోసి, తడిపి, ఆరబెట్టి బడి గోడకి ఆనించారు. ఒక సాయంత్రం ఆవిడ పెనిమిటి అబ్బులు మరో ముగ్గుర్ని పోగేసి దాన్ని గుంట మీదికి నెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే నగర పంచాయతీ వాళ్ళొచ్చారు. "అపరిశీలిత నిర్మాణం" అని పలక లేపి, మళ్ళీ గోడకి ఆనించి, ఇనప గొలుసుతో బంధించి తాళం వేసి వెళ్ళారు. అలా ఊళ్ళో సంకెళ్ళు పడ్డ మొదటి పలక ఏడో వార్డుదే అయింది.

గంగారత్నం ఆఫీసుకి వెళ్ళింది. ఆ రోజు అదృష్టవశాత్తూ కమిషనరు గారు భూమ్మీదే ఉన్నారు.

"కమిషనరు గారండీ, పలకుంది, గుంటుంది. నలుగురు చెయ్యేస్తే నిమిషం పనండి. ఇంకో నెల్లో వానలండి బాబూ."

"మేడమ్, మీ ఆవేదన ఈ కార్యాలయం దృష్టిలో ఉన్నది. కానీ సదరు పలకను మీరు దేనితో సరిపోల్చి వేయుదురు? పోలిక లేని పలక మిక్కిలి ప్రమాదకరము."

"గుంట కంటేనా అండి?"

"గుంట ఎవరూ చేపట్టిన పని కాదు. తనంతట తాను ఏర్పడినది. కావున అది నిబంధనలకు లోబడియే ఉన్నది."

గంగారత్నం ఆయన మొహం వంక ఓ నిమిషం చూసింది, పెనం కాలిందో లేదో చూసినట్టు. "సరేనండి. ఆళ్ళ పలకే చూసొద్దాం పదండి" అంది.

ఇంట్లో ఈ మాట చెబితే అబ్బులు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"పలక మన పాకెదురుగానే ఉంది కదే! రోజూ చూస్తానే ఉన్నావు!"

"అది మన పలకయ్యా. ఆళ్ళ పలక చూడాలంట."

"ఆళ్ళ పలక చూస్తే మన పలక ఊడొచ్చి గుంట మీద కూకుంటదా?"

"కూకుంటదో లేదో నాకేం తెల్సు. పిండి పులిసిపోకుండా చూసుకో. నాలుగు రోజుల్లో వొచ్చేస్తా."

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర అందరినీ పాదరక్షలు విప్పమన్నారు. గంగారత్నానికి విప్పడానికేం లేదు. అంత సిద్ధంగా వచ్చిన ప్రయాణికురాల్ని తన సర్వీసులో చూడలేదని అక్కడి పోలీసు మురిసిపోయాడు.

పెంబుల్టన్‌లో దిగేసరికి సన్నగా జల్లు. నేల మీద అడుగు పెడితే కాలి మడమలోంచి నడినెత్తికి చలి పాకింది. టౌను హాలు మెట్ల మీద ఆ ఊరి గుమాస్తా దొర విగ్గిన్స్ పూలగుత్తితో నిలబడి ఉన్నాడు. పూలు అందించి, ఆవిడ పాదాల వంక చూసి, కమిషనరు గారి బూట్ల వంక చూసి, మళ్ళీ పాదాల వంక చూసి, జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆ మెట్ల మీద పన్నెండు మంది కౌన్సిలర్లు వరసగా వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు. తెల్లటి పాదాలు చలికి నేరేడుపండు రంగు తిరిగాయి. ఒకాయనకి అప్పటికే తుమ్ములు.

"ఇదేం సోద్యవండీ?" అంది గంగారత్నం.

విగ్గిన్స్ చెప్పిందాన్ని కమిషనరు గారు తన భాషలోకి దింపారు. "పదకొండవ నిబంధన ప్రకారము అతిథుల పౌరాచారములను ఆతిథేయులు ఇరువది నాలుగు గంటలలోగా అవలంబించవలెనట. పాదరక్షారాహిత్యమును నిన్న అత్యవసర సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించిరట. ఒక్కరు మాత్రం వ్యతిరేకించిరట."

"అయ్యో, ఇది మా ఊరి ఆచారం కాదండి, నా మొక్కు! చెప్పులేసుకోమని చెప్పండి పాపం."

"ఇప్పుడు కాదంటే, ఆ తీర్మానం రద్దు చెయ్యడానికి వీళ్ళు పన్నెండుగురూ మన ఊరొచ్చి చెప్పులు పరిశీలించవలసి వచ్చును. మాట్లాడక నడవండి మేడమ్."

నడిచారు. వ్యతిరేకించిన ఆ ఒక్కరూ దారిలో కలిశారు. పేరు ఎడిత్. డెబ్బై ఏళ్ళ పొట్టి ముసలావిడ, ఆ ఊళ్ళో మిల్లు వీధి మెంబరు. బరువైన బూట్లు వేసుకుని, చేతికర్ర పోటేసుకుంటూ వస్తోంది. ఆవిడ గంగారత్నం కాళ్ళు చూసింది, తన తోటి సభ్యుల కాళ్ళు చూసింది, నోట్లో ఏదో గొణుక్కుంది. దాన్ని కమిషనరు గారు అనువదించలేదు. అక్కర్లేకపోయింది కూడా. మన ఊళ్ళో అయితే "యెదవ సంత" అని ఉండేది.

మిల్లు వీధి చివర విగ్గిన్స్ ఆగి, టేపు తీసి, సగర్వంగా చెయ్యి చాపాడు.

అక్కడో గుంట ఉంది.

చుట్టూ నాలుగు ఎర్ర గొట్టాలు నిలబెట్టి రిబ్బను కట్టారు. పక్కన గోడకి కొత్త రాతి పలక ఒకటి ఆనించి ఉంది. గొలుసు లేదంతే.

"పలక చూపిస్తానని గుంట చూపిస్తాడేంటండీ ఈయన?" అంది గంగారత్నం.

కమిషనరు గారు అడిగారు. విగ్గిన్స్ వినయంగా జవాబిచ్చాడు. కమిషనరు గారి మొహం వెలిగిపోయింది. "ఒప్పందం ఉభయులకూ వర్తించునట మేడమ్! చింతలంకపాలెంలో పలక వేసిన విధానమును ఎడిత్ గారు పరిశీలించి రానిదే ఇచట పలక వేయుటకు వీలు లేదట. మన కొరకే ఎదురుచూస్తున్నారట. ఎడిత్ గారు కిందటి శీతాకాలం ఈ గుంటలోనే పడి కాలు విరుగగొట్టుకున్నారట. నిబంధన మీద ఎంత గౌరవం!"

ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడి గుంట ఇక్కడి పలక కోసం, ఇక్కడి గుంట అక్కడి పలక కోసం. మీరు ముందంటే మీరు ముందని తలుపు దగ్గర నిలబడిపోయిన ఇద్దరు మర్యాదస్తుల్లా, రెండు గుంటలూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

కమిషనరు గారు అక్కడే గోడ మీద కాగితం పెట్టి నివేదిక రాసి చదివి వినిపించారు. "సోదరి పట్టణమందు పలక లేని గుంటను పరిశీలించడమైనది. కావున పలక లేకుండుటయే అంతర్జాతీయ ప్రమాణమని తేలినది. మన గుంటను యథాతథముగా పరిరక్షించవలెను. ఇచటి గుంట మన గుంట కంటే నాలుగంగుళాలు వెడల్పుగా ఉన్నందున, మన గుంటను తదనుగుణంగా వెడల్పు చేయవలెను."

గంగారత్నం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. వానలకి ఇంక పక్షం రోజుల్లేదు. ఏడ్చి లాభం లేదు, అరిచీ లాభం లేదు. పెనం మరీ కాలినప్పుడు నీళ్ళు చిలకరించాలి గాని పిండి పొయ్యకూడదని ఆవిడకి తెలుసు.

"కమిషనరు గారండీ, ఆ ఆరో నిబంధన ఇంకోసారి చదవండి. తవరు చదూతుంటే మంత్రం ఇన్నట్టుంటదండి."

ఆయన సంతోషించి చదివారు.

"స్వీయ పట్టణవంటే?"

"మన మన సొంత ఊరు, మేడమ్."

"మరి ఎదటోళ్ళ ఊళ్ళో చెయ్యాలంటేనో?"

"ఎదుటివారి ఊరికి పని చేసిపెట్టే పిచ్చివాడెవడుంటాడు? ఆ విషయమై నిబంధన మౌనము వహించినది."

"ఆయ్" అంది గంగారత్నం.

నాలుగు కొట్టింది. ఆ ఊళ్ళో నాలుగంటే టీ. యుద్ధం వచ్చినా, ఊరు మునిగినా, ముందు టీ తాగి తరవాత చూస్తారు. పన్నెండు జతల వట్టి కాళ్ళూ గబగబా టౌను హాలు వైపు పరిగెత్తాయి. వెనకే కమిషనరు గారు. ఎడిత్ కుంటికాలితో వెనకబడింది. గంగారత్నం అసలు కదల్లేదు.

ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గుంట ముందు భాషతో పనేముంది? గంగారత్నం పలక చూపించింది, గుంట చూపించింది, తన రెండు చేతులూ చూపించింది. ఎడిత్ టౌను హాలు వంక చూసి, పెదవి బిగించి, ఎదురింట్లోకి పోయి ఇనప గడ్డపార ఒకటి ఈడ్చుకొచ్చింది. దాని కింద చేతికర్ర దన్ను పెట్టి, పలకని ఓ మూల మీంచి ఇంకో మూల మీదికి, నడక నేర్చే పిల్లని నడిపించినట్టు నడిపించారు. అంచు మీదికి రాగానే ఇద్దరూ "ఊఁ" అన్నారు. ఆ ముక్క రెండు భాషల్లోనూ ఒకటే. దబ్బుమని కూర్చుంది పలక.

తరవాత గంగారత్నం ఇటికె ముక్క తీసుకుని ఆ పలక మీదే బొమ్మ గీసింది. ఒక గుంట, గుంట పక్కన చిన్న పిల్లాడు, మీద వాన చినుకులు. దూరంగా విమానం, అందులో చేతికర్రతో పొట్టి ముసలావిడ. ఎడిత్ పిల్లాడి బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది. తరవాత ఇటికె ముక్క తీసుకుని, వస్తానన్నట్టు విమానం కింద పెద్ద గీత గీసింది.

టీ తాగొచ్చిన విగ్గిన్స్‌కి గుంట మీద పలక కనబడింది. ఎవరు చేశారని అడిగాడు. ఎడిత్ గంగారత్నం చెయ్యి పట్టుకుని, గెలిచిన వస్తాదు చెయ్యెత్తినట్టు పైకెత్తింది. ఆయన ఒప్పందం ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగేశాడు. పొరుగూరి మెంబరు పలక వెయ్యకూడదని ఎక్కడా లేదు.

"ఇప్పుడు చూశానండి ఆళ్ళ పలక" అంది గంగారత్నం. "ఇంక మనది వేసుకోవచ్చండి?"

"కుదరదు మేడమ్" అన్నారు కమిషనరు గారు, కాస్త జాలిగానే. "మీరు వేసిన పలక చింతలంకపాలెం పని అగును. పెంబుల్టన్‌లో ఉన్నప్పటికీ అది మన పలకయే. మన పలకను చూచుటకు ఇంత దూరం రానక్కర లేదు."

"అలాగేనండి. అయితే ఈవిడొచ్చి మా ఊళ్ళో వేస్తే?"

కమిషనరు గారు ఆలోచించారు. ఎంత ఆలోచించినా నిబంధన మౌనంగానే ఉంది.

గంగారత్నం తిరిగొచ్చిన రెండో వారంలో ఎడిత్ చింతలంకపాలెంలో దిగింది. ఇక్కడి పలకని పరిశీలించడానికి అని కాగితం. అతిథి పరిశీలించాలంటే గొలుసు విప్పాలి గనక కమిషనరు గారే స్వయంగా తాళం తీశారు. అప్పటికే మబ్బు కమ్మేసింది. మొదటి చినుకులు ఎర్ర చొక్కాల కుక్కల మీద టపటపా పడుతున్నాయి.

మన దగ్గరో పద్ధతుంది. శంకుస్థాపన నాడు తాపీ తాకినాయన పేరే రాతి మీద చెక్కుతారు. గోడ కట్టిన మేస్త్రి పేరు ఆయన పెళ్ళానికి తప్ప ఎవరికీ తెలీదు. గంగారత్నం ఆ పద్ధతి ప్రకారమే నడుచుకుంది. ఎడిత్ చేత పలక మీద చెయ్యి వేయించింది. వార్డు ఆడవాళ్ళు పదిమంది చీర కుచ్చిళ్ళు ఎగదోపి, "హైలెస్సా" అని పలక ఎత్తి గుంట మీద కూర్చోబెట్టారు. ఎడిత్ చెయ్యి చివరిదాకా పలక మీదే ఉంది. పలక వేసింది ఎడిత్. పదిమంది ఆడవాళ్ళూ ఊరికే చూస్తూ నిలబడ్డారు. సాక్షులు కావాలంటే ఆ పదిమందే సాక్షులు.

అరగంటలో వాన కుండపోతగా కురిసింది. కాలువ పొంగింది. అంగన్‌వాడీ విడిచారు. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, రైలు బండి కూతపెట్టుకుంటూ, పలక మీంచి దాటి ఇళ్ళకి పోయారు.

అబ్బులు మేకు మీంచి చెప్పులు తీసి పెళ్ళాం ముందు పెట్టాడు. "వేసుకోవే, వేసుకో." ఆవిడ ఒక కాలు దూర్చబోతుండగా జీపొచ్చింది.

పైనుంచి తాఖీదు. "చైర్మన్ గారిచే శంకుస్థాపన గావింపబడక వేయబడిన సదరు పలకను తక్షణమే తొలగించి, యథాపూర్వ గుంట స్థితిని నెలకొల్పి, కార్తీక మాసమున మంచి ముహూర్తమున పునఃస్థాపించవలెను." అక్కడ మిల్లు వీధి పలకకీ అలాంటి తాఖీదే వెళ్ళిందట. ఒప్పందం ఉభయులకూ వర్తిస్తుంది మరి.

గంగారత్నం కాలు వెనక్కి తీసుకుంది. చెప్పులు మళ్ళీ మేకుకి తగిలించింది. ఎడిత్‌ని చెయ్యి పట్టుకుని పాకలోకి తీసుకెళ్ళి వేడివేడి పెసరట్టు పెట్టింది. తింటున్నంతసేపూ ఎడిత్ కళ్ళు పాక మూలనున్న రుబ్బురోలు మీదే ఉన్నాయి. గంగారత్నం కళ్ళూ అక్కడే ఉన్నాయి.

ఎడిత్ విమానమెక్కి వెళ్ళిన వారానికి, పలక లేపడానికి గడ్డపారలతో వచ్చిన మనుషులకి, పలక మీద ఓ పక్కగా రుబ్బురోలు, రోటి ముందు పెసరపప్పు రుబ్బుతూ మెంబరు గారూ కనిపించారు. రెండో పక్క పిల్లలు నడిచేంత జాగా విడిచి ఉంది. ఆ రోలు నలుగురు మగాళ్ళకి కదలదు. మెంబరు గారు కూర్చుని ఉండగా నలభై మందికీ కదలదు.

వాళ్ళు వెళ్ళి కమిషనరు గార్ని పిలుచుకొచ్చారు. ఆయన నోటీసు రాశారు. "ప్రభుత్వ పలకను రుబ్బురోటితో ఆక్రమించినందున, సదరు ఆక్రమణను ఏల తొలగించరాదో తెలుపవలెను."

"తొలగించండి బాబూ" అంది గంగారత్నం, చెయ్యి ఆపకుండా. "ఆక్రమణ తీయటం పౌర పనే కదండీ? ఆరో నిబంధనుంది కదండీ? ముందు పెంబుల్టన్‌లో ఆక్రమణ ఎలా తీశారో చూసి రావాలి కదండీ?"

కమిషనరు గారి కలం ఆగింది. జేబులోంచి ఫోను తీసి విగ్గిన్స్‌కి చేశారు. చాలాసేపు విన్నారు. అక్కడ మిల్లు వీధి పలక మీద ఎడిత్ గారు ఇనప బల్ల వేసుకుని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా టీ తాగుతూ కూర్చుంటున్నారట. చింతలంకపాలెంలో ఆక్రమణ తొలగించే విధానమును పరిశీలించిన తరవాత చర్య తీసుకుంటామని విగ్గిన్స్ మనవి చేశాడట. కౌన్సిలర్లంతా ఇంకా వట్టి కాళ్ళతోనే ఉన్నారట.

ఫోను పెట్టేసి కమిషనరు గారు రోలు పక్కన పలక మీదే చతికిలబడ్డారు. అబ్బులు ఆయన చేతికి అల్లం పచ్చడి వేసిన పెసరట్టు ఇచ్చాడు. ఆయన పిల్లల రైలు వెళ్ళేదాకా కాళ్ళు ముడుచుకుని, తరవాత మెల్లిగా అడిగారు.

"మేడమ్, ఎడిత్ గారు ఆ బల్ల ఎప్పుడు తీస్తారంటారు?"

"నేను రోలు తీశాకండి. నన్ను చూసే కదండి ఆవిడ తియ్యాలి."

"మరి మీరు రోలు ఎప్పుడు తీస్తారు?"

గంగారత్నం లేచి పిండి చేతులు కడుక్కుంది. మేకు మీంచి చెప్పులు దించి, ఏడాదిగా పట్టిన బూజు కొంగుతో తుడిచి, తాపీగా ఒక కాలూ, తరవాత రెండో కాలూ దూర్చింది. పలక మీద నాలుగడుగులు టకటకా నడిచి చూసుకుంది.

"ఆవిడ బల్ల తీశాక, ఎల్లి చూసొచ్చి తీస్తానండి" అంది.